‘బరువు తగ్గు’ అన్నవాళ్ళు ఆ గంట కూడా ఇవ్వాలి



ఈసారి సంచికకు ‘ఆరోగ్యం’ అని అంశం ఇచ్చినప్పుడు చాలామంది యోగా గురించి, చిరుధాన్యాల గురించి రాస్తామన్నారు. నాకు మాత్రం ఏం రాయాలో తోచలేదు. మేడమ్ “నీకు బాగా తెలిసింది రాయి, పుస్తకంలో చూసి రాయొద్దు” అన్నారు. ఆరోగ్యం విషయంలో నాకు బాగా తెలిసింది ఒక్కటే, మా అమ్మ కాళ్ళు. అందుకే దాని గురించే రాస్తున్నా.

మాది పావగడ తాలూకా రాయచెర్లు. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, కానీ ఊళ్ళో మాట్లాడేది ఎక్కువగా తెలుగే. మా తాలూకాకు మూడు పక్కలా ఆంధ్రానే. నాన్న తరఫువాళ్ళు తెలుగువాళ్ళు, అమ్మ పుట్టిల్లు శిరా వైపు, వాళ్ళది కన్నడం. కాబట్టి మా ఇంట్లో ఏ వస్తువుకైనా రెండు పేర్లుంటాయి. నొప్పికైతే మూడు పేర్లున్నాయి. మా అవ్వ ‘గుదికాలు నొప్పి’ అంటుంది. నేను బడిలో నేర్చుకున్నట్టు ‘మడమ నొప్పి’ అంటాను. అమ్మ ‘హిమ్మడి నోవు’ అంటుంది. ఇన్ని పేర్లున్నా నాలుగేళ్ళ పాటు దాన్ని మా ఇంట్లో ఎవరం పట్టించుకోలేదు. ఆ ‘ఎవరం’లో నేనూ ఉన్నాను.

ఆ నొప్పి ఎట్లా ఉండేదంటే, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే అమ్మ నోట్లోంచి “అమ్మా” అని ఒక మాట వచ్చేది. గట్టిగా కాదు, ఊపిరి పీల్చుకున్నట్టు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేది. పది పదిహేను నిమిషాలు తిరిగాక కొంచెం సర్దుకునేది. మళ్ళీ కాసేపు కుట్టుమిషను ముందు కూర్చుని లేస్తే అదే కథ. సాయంత్రం వంటింట్లో నిలబడ్డప్పుడు ఒక కాలి మీద కొంతసేపు, ఇంకో కాలి మీద కొంతసేపు బరువు మార్చుకుంటూ నిలబడేది. నాకూ తమ్ముడికీ పొద్దున అలారం లాగా ఆ “అమ్మా” అనే మాటే ఉండేది. అది వినిపిస్తే ఐదున్నర అయిందని లెక్క. నొప్పిని గడియారం లాగా వాడుకున్నాం అని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

డాక్టరు దగ్గరికి పోలేదా అంటే పోయింది. ఒకచోట నొప్పి మాత్రలు ఇచ్చారు. ఇంకోచోట ఎక్స్‌రే తీసి “ఎముక పెరిగింది” అన్నారు. ఎక్కడికి పోయినా చివర్లో ఒకే మాట: “బరువు తగ్గించుకోమ్మా.” ఆ మాట చెప్పడానికి అర నిమిషం పడుతుంది. అప్పుడు అమ్మ బరువు 84 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. కాబట్టి డాక్టరు చెప్పింది తప్పు కాదు. తర్వాత అమ్మ నిజంగానే 16 కిలోలు తగ్గింది, నొప్పి నిజంగానే పోయింది. అయినా ఆ అర నిమిషం మాట మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఆడదానికి ‘బరువు తగ్గు’ అని చెప్పేవాళ్ళు, డాక్టరైనా, మొగుడైనా, కూతురైనా, తగ్గడానికి కావాల్సిన గంట ఎక్కడినుంచి వస్తుందో కూడా చెప్పాలి. చెప్పడమే కాదు, ఇవ్వాలి. ఇవ్వకుండా చెప్తే అది సలహా కాదు, తప్పంతా నీదే అని వేలు చూపించడం.

ముందు ఆ బరువు ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా ఊరి పేరు మీరు వినకపోయినా పావగడ సోలార్ పార్కు పేరు వినే ఉంటారు. తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు, ఈ ఐదు ఊళ్ళ భూముల్లో సుమారు 13 వేల ఎకరాల్లో 2050 మెగావాట్ల ప్లాంటు పెట్టారు. 2018 మార్చిలో మొదటి విడత ప్రారంభమైంది. భూమిని కొనలేదు, రైతుల దగ్గర బాడిగకు తీసుకున్నారు, మొదట్లో ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు. మా నాన్నవి నాలుగున్నర ఎకరాలు అందులో పోయాయి. వానల్లేక చెనక్కాయ పంట ఏడాది విడిచి ఏడాది ఎండిపోయే నేలలో ఆ బాడిగ మాకు పెద్ద ధైర్యమే, అది నేను కాదనను. భూమి లేని కూలోళ్ళకు ఆ బాడిగ రాలేదు, వాళ్ళ పని మాత్రం పోయింది, అది వేరే వ్యాసం రాయాల్సినంత సంగతి.

మా ఇంట్లో జరిగింది ఇది. అంతకుముందు అమ్మ రోజూ చేనికి రెండు కిలోమీటర్లు పోయేది, రెండు కిలోమీటర్లు వచ్చేది. కలుపు తీసేది, కాయలు పీకేది, మేత మోసేది. భూమి పోయాక ఆ నడక పోయింది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుంది, జాకెట్లు కుడుతూ కూర్చునేది. కూర్చోవడం పెరిగింది గానీ తినే సంగటి ముద్ద అంతే ఉండిపోయింది. మట్టి నేల తీసేసి బండలు వేయించాం, ఆ గట్టి నేల మీద ఒట్టి కాళ్ళతో నిలబడటం కూడా మొదలైంది. ఏడాదికి మూడు నాలుగు కిలోల చొప్పున ఎక్కింది. సోలార్ వల్లే అమ్మకు మడమ నొప్పి వచ్చిందని నేను అనడం లేదు. ఒక మనిషి బరువు వెనక ఆమె తిండి ఒక్కటే ఉండదు, ఊరు మారడం కూడా ఉంటుంది అంటున్నాను, అంతే.

ఇది మా ఇంటి కథే కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం ఆడవాళ్ళు ఎత్తుకు తగినదానికంటే ఎక్కువ బరువున్నారు. అంతకుముందు సర్వేలో అది 20.6 శాతం. మా పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరి కంటే ఎక్కువ. వీళ్ళందరినీ తిండిపోతులు, సోమరిపోతులు అనుకుంటే మనం ఏమీ అర్థం చేసుకోనట్టే.

ఇక నొప్పి సంగతి. అరికాలి అడుగున మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా ఒక గట్టి పట్టీ ఉంటుంది. విల్లుకు నారి ఎట్లానో పాదం వంపుకు అది అట్లా. అడుగు వేసిన ప్రతిసారీ ఒంటి బరువుకు అది సాగుతుంది. బరువు ఎక్కువైనా, గట్టి నేల మీద చాలాసేపు నిలబడినా, పిక్క కండరాలు బిగుసుకుపోయినా ఆ పట్టీ మడమ దగ్గర కొంచెం కొంచెంగా చిరుగుతుంది. రాత్రి పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పట్టీ కుంచించుకుంటుంది. పొద్దున మొదటి అడుగుకు ఒక్కసారి సాగుతుంది, అప్పుడే ప్రాణం పోయినట్టుంటుంది. దీన్ని డాక్టర్లు ప్లాంటర్ ఫాషియైటిస్ అంటారు. ఎక్స్‌రేలో కనిపించే ఎముక ముల్లు చాలాసార్లు అసలు కారణం కాదు, ఏ నొప్పీ లేనివాళ్ళకు కూడా అది ఉంటుంది. ‘ఎముక పెరిగింది’ అన్నాక అమ్మ ఇంక ఇది జన్మకు పోదని అనుకుంది. ఆ ఒక్క మాట వల్ల ఏడాది వృథా అయింది.

బరువుకు, పాదానికి సంబంధం ఒక లెక్కతో చూడండి. అమ్మ తగ్గిన బరువు 16 కిలోలు. మన ఇళ్ళలో వాడే సిలిండరు నిండా ఉండే గ్యాసు బరువు 14.2 కిలోలు. అంతకంటే ఎక్కువే అన్నమాట. రోజుకు ఆరు వేల అడుగులు వేస్తే ఒక్కో పాదానికి మూడు వేలు. అడుగుకు 16 కిలోల చొప్పున తగ్గితే ఒక్కో పాదం రోజుకు 48 వేల కిలోల బరువు తప్పించుకున్నట్టు. మోకాలికైతే ఇంకా ఎక్కువ. 2005లో అమెరికాలో మోకాళ్ళు అరిగిన, బరువెక్కువున్న పెద్దవాళ్ళ మీద చేసిన ఒక పరిశోధనలో, ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గిందని తేలింది. అందుకే నొప్పి పోవడానికి అందరూ పుల్లల్లా సన్నబడాల్సిన పని లేదు. అమ్మ ఇప్పుడు 68 కిలోలు. డాక్టరు గదిలో గోడకు వేలాడే పట్టిక ప్రకారం ఆమె ఇప్పటికీ ‘ఎక్కువ బరువే’. కానీ ఆమె పాదాలకు ఆ పట్టికతో పని లేదు. ఐదారు కిలోలు తగ్గినప్పుడే పొద్దుటి నొప్పి సగమైంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా రాయాలి. కాలి నొప్పులన్నీ బరువు వల్లే రావు. అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు ఉంటే షుగరు వల్ల నరాలు దెబ్బతిని ఉండొచ్చు. యూరిక్ యాసిడ్ కావచ్చు. మా పావగడ వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ, దాని వల్ల ఎముకలు, కీళ్ళు పట్టేసినవాళ్ళు ఊరూరా ఉన్నారు. థైరాయిడ్ సరిగా లేకపోతే బరువు దానంతట అదే ఎక్కుతుంది. కాబట్టి ముందు పరీక్షలు చేయించుకోవాలి. లావుగా ఉన్న మనిషి ఏ నొప్పి చెప్పినా చూడకుండానే “బరువు తగ్గు” అనడం ఎంత తప్పో, పరీక్ష లేకుండా మనమే తేల్చేసుకోవడం అంత తప్పు.

సరే, అమ్మ ఎందుకు తగ్గలేకపోయింది? మొదట నాలుగుసార్లు ప్రయత్నించి వదిలేసింది. నడిస్తే నొప్పి, నడవకపోతే బరువు. ఇది ఒక చిక్కు. దానికంటే పెద్ద చిక్కు వేళ. పొద్దున ఐదున్నరకు లేస్తే నీళ్ళు, పాలు, వాకిలి, టిఫిను, క్యారియర్లు. తర్వాత కుట్టుపని. సాయంత్రం మళ్ళీ వంట. రాత్రి అందరూ తిన్నాక పదిన్నరకు మిగిలిందంతా “పారేయడమెందుకు” అని తను తినేది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తారని, మగవాళ్ళు 97 నిమిషాలని లెక్క వచ్చింది. తేడా మూడు గంటల పైన. ఆ మూడు గంటల్లో ఒక్క గంట మా అమ్మ మడమలకు దొరకలేదు.

మన క్లాసులోనే ఒకరన్నారు, “ఇంటిపని చేస్తే వ్యాయామం కాదా?” అని. నేనూ అట్లాగే అనుకునేదాన్ని. ఇంటిపనిలో అలసట ఉంటుంది, కానీ నాలుగు అడుగుల వంటింట్లో గట్టి బండ మీద నిలబడటం పాదానికి భారమే తప్ప బలం కాదు.

పీయూసీ పరీక్షలు అయ్యాక రెండు నెలలు ఇంట్లో ఉన్నప్పుడు నేను ఆ గంట వెతికాను. గొప్ప పనేం కాదు, ఒక కాగితం మీద అమ్మ రోజంతా ఏం చేస్తుందో రాశాను. రాసి రాత్రి భోజనాల దగ్గర చదివాను. నాన్న ఏం మాట్లాడలేదు. మరుసటి రోజు ఫిల్టర్ నీళ్ళ క్యాను బండి మీద తనే తెచ్చాడు, అప్పటి నుంచి అది నాన్న పని అయింది. పాలు తేవడం, రాత్రి గిన్నెలు తమ్ముడికి వచ్చాయి. వాడు వారం రోజులు గొణిగాడు. పొద్దుటి టిఫిను నేనున్నన్నాళ్ళు నేను, నేను హాస్టలుకు వచ్చాక అవ్వా నాన్నా కలిసి. అట్లా పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా గంట అమ్మదైంది.

కాళ్ళ వ్యాయామాలు ఒక ఫిజియోథెరపీ అక్క నేర్పింది. మంచం దిగకముందే కాలి వేళ్ళను చేత్తో ఒంటి వైపు లాగి పది లెక్కపెట్టాలి, పదిసార్లు. గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి పిక్క సాగదీయాలి. ఒక గుండ్రటి కర్రను అరికాలి కింద పెట్టుకుని దొర్లించాలి. అమ్మ చపాతీ కర్ర తీసుకుని మొదలుపెట్టింది. అవ్వ చూసి “తినే దాన్ని కాళ్ళ కింద పెడతావా” అని ఇల్లు ఎత్తి పందిరేసింది. కాళ్ళకు వేరే కర్ర కొన్నాం. వంటింట్లో వేసుకోవడానికి మెత్తటి చెప్పులు కూడా కొన్నాం. దేవుని గూడు ఉన్నచోట చెప్పులేందని మళ్ళీ గొడవ. “అవి బయటికి పోవు, వంటింటి చెప్పులు” అని నాన్న అన్నాక సద్దుమణిగింది.

అమ్మ మొదట పది నిమిషాలే నడిచింది, మెత్తటి మట్టి దారి చూసుకుని. నెలకో ఐదు నిమిషాలు పెంచుకుంటూ పోయింది. తిండిలో మూడు మార్పులు: సంగటి ముద్ద సగం చేసి ఆకుకూర పప్పు, ఉలవచారు, గుడ్డు పెంచడం, ఐదు టీలు రెండు కావడం, రాత్రి ఎనిమిదికల్లా మాతో కలిసి కూర్చుని తినడం. పొడులు, బెల్టులు, టీవీలో చూపించే కషాయాలు ఏవీ కొనలేదు. నెలకు కిలో చిల్లర తగ్గింది. 14 నెలలు పట్టింది.

ఇందులో నాకు అన్నింటికంటే ఎక్కువ గుర్తున్నది పాల క్యాను. నడక మొదలుపెట్టినప్పుడు అమ్మ చేతిలో ఖాళీ పాల క్యాను పట్టుకుని పోయేది. పాలు తెచ్చేది తమ్ముడు కదా, ఇదెందుకు అంటే, “సుమ్మనే హోదరె ఎల్లిగె అంత కేళ్తారె కణే” అంది. ఊరికే పోతే ఎక్కడికి అని అడుగుతారు అని. నిజమే. మా ఊళ్ళో మగవాళ్ళు ఊరికే కట్ట మీద కూర్చోవచ్చు, ఊరికే రోడ్డు మీద తిరగొచ్చు, ఎవరూ అడగరు. ఆడమనిషి చేతిలో బిందో, గంపో, క్యానో లేకుండా రోడ్డు మీద కనిపిస్తే “యాడికి పోతాండావు?” అనే ప్రశ్న వస్తుంది. “నడుస్తాండా” అనేది జవాబు కింద లెక్క కాదు. 84 కిలోలు మోస్తున్న మనిషి, మడమలు నొస్తున్న మనిషి, నడవడానికి అనుమతి కోసం ఇంకో క్యాను మోయాల్సి వచ్చింది. రెండు నెలలయ్యాక పక్కింటి అక్క కూడా వస్తానంది. ఇద్దరయ్యాక క్యాను ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు నలుగురు పోతున్నారు.

నొప్పి ఏ రోజు పోయిందని అడిగితే అమ్మకే తెలియదు. నాకు తెలిసింది మాత్రం సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు. పొద్దున కళ్ళు తెరిచేసరికి ఏడైంది. ఇంత ఆలస్యం ఎట్లా అయిందా అనుకున్నా. ఆ “అమ్మా” వినిపించలేదు, అందుకే నాకు మెలకువ రాలేదు. బయటికి వచ్చి చూస్తే వాకిట్లో పెద్ద ముగ్గు, అమ్మ గొంతు కూర్చుని రంగులు నింపుతోంది. “ఎప్పుడు లేచావు?” అంటే “ఐదున్నరకే” అంది. “కాలు?” అని అడిగా. ఒక్క నిమిషం ఆలోచించి, “మరెతే హోయ్తు” అని నవ్వింది. మర్చిపోయా అని. నాలుగేళ్ళు ప్రతి అడుగుకూ గుర్తుచేసిన కాలిని మర్చిపోవడం కంటే పెద్ద సుఖం ఉంటుందని నేననుకోను.

ఇప్పుడు నా అభిప్రాయానికి రాగల రెండు అభ్యంతరాలు నేనే రాస్తాను.

ఒకటి: “మనసుంటే మార్గం ఉంటుంది, మీ అమ్మకు పట్టుదల వచ్చింది కాబట్టి తగ్గింది” అంటారు. పట్టుదల అమ్మకు ముందు కూడా ఉంది. నాలుగేళ్ళు నొప్పితో ఇల్లు నడిపిన మనిషికి పట్టుదల లేదంటే ఎట్లా? మారింది ఆమె మనసు కాదు, మా ఇంటి పనుల పట్టిక. నీళ్ళ క్యాను చేతులు మారింది, గిన్నెలు చేతులు మారాయి. తగ్గిన 16 కిలోల్లో నాన్నకూ తమ్ముడికీ కూడా వాటా ఉంది. అట్లాగే అంతకుముందు ఎక్కిన కిలోల్లో మా అందరికీ వాటా ఉంది.

రెండు: “బరువు గురించి మాట్లాడటమే తప్పు, అది అమ్మాయిలను కించపరచడం” అంటారు. ఇందులో నేను సగం ఒప్పుకుంటాను. మన దగ్గర బరువు మాట వస్తే అది పెళ్ళిచూపుల మాటే అవుతుంది. అమ్మ తగ్గాక ఊళ్ళో చుట్టాలు అందరూ “సన్నబడినావే, వయసు తగ్గినట్టుంది” అన్నారు. ఒక్కరంటే ఒక్కరు “కాలు నొప్పి ఎట్లుంది?” అని అడగలేదు. ఆ మాట అమ్మకు నచ్చినా నాకు కోపం వచ్చింది. ఆమె ఎవరి కళ్ళ కోసమో తగ్గలేదు, తన కాళ్ళ కోసం తగ్గింది. హాస్టల్లో కొందరు అద్దంలో చూసుకుని రాత్రి భోజనం మానేస్తున్నారు, అది నేను చూస్తూనే ఉన్నా. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. అట్లాంటిచోట పస్తులుండి సన్నబడటం ఆరోగ్యం కాదు. కానీ కించపరచడం తప్పని చెప్పి, బరువు పాదాల మీద పడుతుందనే నిజాన్ని దాచిపెడితే నష్టపోయేది నొప్పి ఉన్నవాళ్ళే. అందం లెక్కలో బరువు మాట ఆపుదాం. భారం లెక్కలో మాత్రం మాట్లాడుకుందాం.

ఇంకో మాట. కొందరికి బరువు తగ్గినా నొప్పి పోదు, ఎందుకంటే వాళ్ళ పనే నిలబడటం. బట్టల షాపుల్లో అమ్మాయిలు రోజంతా నిలబడే ఉంటారు. కేరళలో ఆ అమ్మాయిలే పోరాడాక 2018లో పనివేళల్లో కూర్చునే హక్కు ఇస్తూ చట్టం మార్చారు, 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. అంటే పాదాల నొప్పి చట్టసభ దాకా పోగల విషయమే. మనం ‘కాళ్ళ నొప్పే కదా’ అని వదిలేసే విషయం కాదు.

అందుకని నేను అడిగేవి మూడే.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అమ్మ రోజును ఒక కాగితం మీద రాయండి. అందులోంచి ఒక్క గంట పని తీసి ఇంట్లో వేరేవాళ్ళకు పంచండి. మీ వాటా కూడా తీసుకోండి. ఆ గంట ఆమె నడుస్తుందో, కూర్చుంటుందో, పడుకుంటుందో ఆమె ఇష్టం.

రెండోది మన కాలేజీకి. సాయంత్రం ఐదున్నరకు గ్రౌండు గేటుకు తాళం పడుతుంది. హాస్టలు వాళ్ళకు ఏడు దాకా తెరిచి ఉంచమని మన శాఖ తరఫున అడుగుదాం. భద్రత కోసమే తాళం అంటారు, అది నాకు అర్థమవుతుంది. ఒక లైటు, ఒక వాచ్‌మన్ అక్క ఉంటే సరిపోతుంది. ఆడపిల్లల కాలేజీలో కూడా ఊరికే నడవడానికి చోటు లేకపోతే మేము కూడా రేపు చేతిలో ఖాళీ క్యాను పట్టుకోవాల్సిందే. అట్లాగే వరండాలో పొద్దుటి నుంచి నిలబడే అటెండరు అక్కకు ఒక స్టూలు.

మూడోది చాలా చిన్నది. ఎవరైనా బరువు తగ్గి కనిపిస్తే “సన్నబడ్డావే” అనకుండా “ఒంట్లో ఎట్లుంది?” అని అడగండి. కొందరు జబ్బు చేసి తగ్గుతారు, కొందరు దిగులుతో తగ్గుతారు. అడిగితేనే తెలుస్తుంది.

ఇది చదవడానికి ఇప్పటికే పదిహేను నిమిషాలు నిలబడి ఉంటారు. కాళ్ళు నొస్తుంటే పోయి కూర్చోండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు “తిన్నావా” అని అమ్మ మిమ్మల్ని అడగకముందే “కాళ్ళు ఎట్లున్నాయమ్మా” అని మీరు అడగండి.

— ద్వితీయ బి.ఏ. విద్యార్థిని, రాయచెర్లు